కారులోకి నీళ్లు వచ్చాక కరెంటు తంటాలు: లోపం ఎక్కడుందో వరుసగా పట్టుకునే పద్ధతి

"రాత్రి గట్టిగా వాన పడింది. పొద్దున చూస్తే కాళ్ల దగ్గర తడి. సెంట్రల్ లాక్ దానంతటదే కొట్టుకుంటోంది, మీటర్లో లైట్లన్నీ ఒకేసారి వెలుగుతున్నాయి. షెడ్డులో కంట్రోల్ బాక్సు మార్చాలంటున్నారు. మార్చమంటారా?" వానలు మొదలైనప్పటి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఇదే ప్రశ్న వస్తోంది.

కంట్రోల్ బాక్సు అంటే లాకులు, లైట్ల వంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్. దాన్ని ఇప్పుడే మార్చొద్దు. నీళ్లు ఎటు నుంచి వచ్చాయో తేలకుండా, కార్పెట్ అడుగు ఆరకుండా మారిస్తే కొత్త బాక్సు కూడా పాతదాని దారే పడుతుంది. ముందు నీళ్ల దారి, తర్వాత ఆరబెట్టడం, ఆ తర్వాత కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్లు), బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి). స్కానర్ వంతు ఇవన్నీ అయ్యాకే. బాక్సు మాట అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పితే పని రెండింతలవుతుంది, ఖర్చు అంతకన్నా ఎక్కువవుతుంది.

1. తాళం తిప్పే ముందు: నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి?

కార్పెట్ వరకే తడిస్తే ఈ పద్ధతి మొత్తం మీరే చేసుకోవచ్చు. నీళ్లు సీటు దాకా వచ్చినా, రైల్వే అండర్‌బ్రిడ్జి కిందో పొంగిన వాగులోనో బండి ఆగిపోయినా సంగతి వేరు. సెల్ఫ్ కొట్టకండి. ఇంజిన్ సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే ఒక్క సెల్ఫ్‌తో పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అలా జరిగిన నష్టాన్ని మామూలు పాలసీలో పర్యవసాన నష్టమంటూ పక్కన పెడతారు. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ తీసుకున్నా షరతులు చదవాలి. ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి, బండిని ట్రక్కు మీద ఎక్కించి పంపండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తొడుగున్న కేబుళ్ల జోలికి, వాటికి కలిసిన బాక్సుల జోలికి పోవద్దు. అందులో ఉండేది వందల ఓల్టులు. లోపలికి నీళ్లు చేరిన అలాంటి బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే అప్పగించండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ డిజిటల్ మల్టీమీటర్ (10 ఆంపియర్ల సాకెట్ ఉన్నది)
☐ బల్బు ఉన్న 12 ఓల్టుల టెస్ట్ ల్యాంప్
☐ 10 నంబర్ స్పానర్, స్క్రూ డ్రైవర్లు, డాష్‌బోర్డు క్లిప్పులు విప్పే ప్లాస్టిక్ పట్టీ
☐ ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్
☐ మెత్తటి టూత్ బ్రష్, పాత కాటన్ బట్టలు, న్యూస్ పేపర్లు
☐ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్
☐ డైఎలెక్ట్రిక్ గ్రీజు
☐ ఓబీడీ స్కానర్ (డాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో పెడితే బండి దాచుకున్న లోపాల కోడ్లు చూపిస్తుంది; ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్నదైనా మొదటి చూపుకు పనికొస్తుంది)
☐ టార్చి, ఫోన్ కెమెరా, తోడుగా ఒక మనిషి

డిస్టిల్డ్ వాటర్ ఎందుకంటే, మన వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దాంతోపాటు కాఠిన్యం కూడా ఎక్కువే. ఆ నీళ్లతో కప్లర్ కడిగితే ఆరాక పిన్నుల మధ్య తెల్లటి పొర మిగులుతుంది. ఆ పొర మళ్లీ చెమ్మ పట్టిందంటే కరెంటుకు అదే దారి.

3. బ్యాటరీ తీయడం

తడి కొద్దిగానే ఉండి, బండి మామూలుగా ఆన్ అవుతుంటే బ్యాటరీ తీయకముందే స్కానర్ పెట్టి కోడ్లన్నీ ఫొటో తీసుకోండి. బ్యాటరీ తీస్తే కొన్ని చెరిగిపోతాయి. వాసన, పొగ, వేడెక్కిన ప్లాస్టిక్ వంటిది ఏదైనా ఉంటే కోడ్ల సంగతి వదిలేసి ముందు బ్యాటరీ తీయండి.

- కిటికీ అద్దం ఒకటి దించి ఉంచండి. తాళం చెవి బయట పెట్టుకోండి. కరెంటు లేనప్పుడు కారు లాక్ పడితే అదో కొత్త తలనొప్పి.
- ముందు నెగటివ్ విప్పాలి, పాజిటివ్ తర్వాత. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.
- విప్పిన నెగటివ్ కేబుల్‌కు బట్ట చుట్టి పక్కకు మడవండి.
- సీట్లు, డాష్‌బోర్డు విప్పే ముందు 10 నిమిషాలు ఆగండి. మాన్యువల్లో అంతకన్నా ఎక్కువ చెప్తే దాన్నే పాటించండి. ఎయిర్‌బ్యాగ్ బాక్సులో నిల్వ ఉన్న చార్జి పోవాలి.

పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి మల్టీమీటర్ గానీ టెస్ట్ ల్యాంప్ గానీ ఆనించొద్దు. మీటరు పంపే చిన్న కరెంటు కూడా అక్కడ ప్రమాదమే.

4. నీళ్ల దారి పట్టుకోవడం

అందరూ దాటేసే మెట్టు ఇదే. పనిలో సగం ఇక్కడే ఉంది.

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. వాన పడని రోజుల్లో కూడా తడి వస్తోందా?

వాన లేకున్నా తడి: ఏసీ, లేదా కూలెంట్

ఎడమవైపు ముందు సీటు కాళ్ల దగ్గరే తడి ఉంటే మొదటి అనుమానం ఏసీ డ్రెయిన్ పైపు మీద పెట్టండి. ఏసీ చల్లబరిచినప్పుడు కారే నీళ్లు ఈ పైపు గుండా కింద రోడ్డు మీద పడాలి. దుమ్ముతో మూసుకుపోతే లోపలికే కారతాయి. బండిని నీడలో పెట్టి, ఏసీ 20 నిమిషాలు నడిపి కిందికి చూడండి. ఉక్కపోత రోజున కూడా చుక్క పడకపోతే పైపు మూసుకుపోయినట్టే. కింది నుంచి మెత్తటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి శుభ్రం చేయండి. ఇనుప తీగ దూర్చితే లోపలున్న కాయిల్‌కు చిల్లు పడొచ్చు.

తడి జిగటగా ఉండి, తియ్యటి వాసన వేసి, ముందు అద్దం లోపల జిడ్డు పొర కడుతుంటే అది నీళ్లు కాదు. డాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్ నుంచి కారుతున్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. ముందు దాన్ని బాగు చేయించాలి. ఇంజిన్ వేడెక్కే ప్రమాదం కూడా ఉంది.

వానకే వచ్చే తడి

- వైపర్ల కింద ఉన్న తొట్టి. వేప, చింత చెట్ల కింద బండి పెట్టేవాళ్లు ముందు ఇది చూడండి. చింతాకు చిన్నది. జాలీ సందుల్లోంచి జారి, తడికి ముద్దకట్టి కంతను మూసేస్తుంది. తొట్టి నిండితే నీళ్లు బ్లోయర్ (ఏసీ ఫ్యాను) గుండా లోపలికి దిగుతాయి. ప్లాస్టిక్ జాలీ విప్పి చేత్తోనే తీయండి.
- సన్‌రూఫ్ పైపులు. సాధారణంగా నాలుగు మూలలకు నాలుగు. సన్‌రూఫ్ అంచున ఉన్న కాలువలో గ్లాసెడు నీళ్లు మెల్లగా పోస్తే కారు కింద ఆ మూల వైపు కారాలి. పంచర్ షాపు కంప్రెసర్ గాలి మాత్రం కొట్టించొద్దు. పైపు లోపలే ఊడిపోతుంది, ఆ తర్వాత రూఫ్ లైనింగ్ మొత్తం దించాల్సిందే.
- డోర్లు. అద్దం పక్క నుంచి డోర్ లోపలికి నీళ్లు పోవడం మామూలే, అడుగున ఉన్న కంతల నుంచి బయటికి పోతాయి. కంతలు మట్టితో మూసుకున్నా, లోపలి ప్లాస్టిక్ షీటు చిరిగినా నీళ్లు క్యాబిన్‌లోకి వస్తాయి. స్పీకర్లు బిగించేవాళ్లు ఆ షీటు కోసి వదిలేస్తుంటారు.
- మార్చిన ముందు అద్దం. విజయవాడ హైవే మీద టిప్పర్ల వెనక తిరిగితే రాయి తగిలి అద్దం మార్చాల్సి రావడం కొత్తేం కాదు. కొత్త అద్దం చుట్టూ గమ్ము సరిగా పట్టకపోతే పై మూలలోంచి దిగిన నీళ్లు పిల్లర్ గుండా ఫ్యూజ్ బాక్సు మీదే పడొచ్చు.
- వెనక లైట్ల గ్యాస్కెట్లు, డిక్కీ రబ్బరు. స్టెప్నీ గుంటలో నీళ్లుంటే ఇవే.
- ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య గోడలో రంధ్రాలు. ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు బిగించినవాళ్లు వైరు కోసం రంధ్రం చేసి, రబ్బరు పెట్టకుండా వదిలేస్తారు. వరి పొలాల దగ్గర బండి పెట్టేవాళ్లు ఎలుకలు కొరికిన రబ్బర్లు కూడా చూసుకోవాలి. ఎలుక కొరికితే రబ్బరుతో ఆగదు, పక్క వైరు తొడుగు కూడా పోతుంది.

పైపుతో పరీక్ష

1. కార్పెట్ ఎత్తి, లోపలంతా తుడిచి, అనుమానమున్న చోట్ల న్యూస్ పేపర్లు పరచండి. చుక్క పడగానే మచ్చ కనిపిస్తుంది.
2. ఒక మనిషి టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపు పట్టాలి. మామూలు ధార చాలు. ప్రెషర్ వాష్ కొడితే బాగున్న రబ్బరు కూడా ఓడిపోతుంది.
3. కింది నుంచి పైకి రండి. డోరు అడుగు, డోరు పైభాగం, ముందు అద్దం కింద, అద్దం పైన, చివర రూఫ్. ఒక్కో చోట 5 నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీళ్లన్నీ కిందికి కారి ఏది కారణమో తేలదు.
4. లోపల చుక్క కనపడ్డ వెంటనే ఆపి, చుక్క పడిన చోటు నుంచి పైకి తడి గీత వెంబడి వెళ్లండి. నీళ్లు దొరికిన చోటు వేరు, చొరబడిన చోటు వేరు. వైరింగ్ కట్ట వెంబడి జారి మీటరు దూరంలో కూడా చుక్కగా పడతాయి.

5. ఆరబెట్టడం

చేత్తో తాకితే కార్పెట్ పొడిగానే అనిపిస్తుంది. కింద వేలెడు మందం స్పాంజి ఉంటుంది, నీళ్లు దాన్లో వారాల తరబడి నిలుస్తాయి. చాలా కార్లలో వైరింగ్ కట్ట గడప పక్కగా ఈ స్పాంజి కిందనుంచే పోతుంది. అందుకే పైన వాక్యూమ్ పట్టించి సరిపెట్టుకుంటే నెల తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది.

సీటు బోల్టులు విప్పి, గడప ప్లాస్టిక్‌లు తీసి, కార్పెట్‌ను ఎత్తి కట్టెలు పెట్టండి. వీలైతే బయటికే తీయండి. ఎండాకాలమైతే మన ఎండకు ఒక్క రోజు చాలు. వానాకాలంలో ఇంట్లో టేబుల్ ఫ్యాను పెట్టి, స్పాంజిని గట్టిగా నొక్కితే న్యూస్ పేపరు తడవనంత వరకు ఆగండి. డ్రెయిన్ కోసం ఫ్లోర్‌లో ఉన్న రబ్బరు బిళ్లలు తీసి నీళ్లు వదలొచ్చు, మళ్లీ పెట్టడం మరవొద్దు.

కంట్రోల్ బాక్సుల దగ్గర హీట్ గన్ వద్దు. చల్లటి గాలే మేలు, టైమ్ పట్టినా సరే.

6. కప్లర్లు: చూసి, విప్పి, కడిగి

నీళ్లు దిగిన దారి ఇప్పుడు తెలుసు కాబట్టి ఆ దారిలో ఉన్న కప్లర్లు మాత్రమే విప్పండి. బండిలో ఉన్నవన్నీ విప్పితే మీరే కొత్త లోపాలు తెచ్చిపెడతారు. ఎక్కువగా దొరికేవి ఇవి:

- ముందు కాళ్ల దగ్గర పక్క ప్యానెల్ వెనక ఫ్యూజ్ బాక్సు, బాడీ కంట్రోల్ బాక్సు
- ఎడమవైపు డాష్‌బోర్డు కింద బ్లోయర్ మోటరు, దాని రెసిస్టర్ (స్పీడు మార్చేది)
- సీట్ల కింద కప్లర్లు
- డోరు, బాడీ మధ్య రబ్బరు గొట్టంలో వైర్లు
- వెనక సీటు కింద ఫ్యూయల్ పంపు కప్లర్ (పెట్రోలు ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ రాకూడదు, బ్యాటరీ తీసే ఉండాలి)
- డిక్కీ పక్కల్లో టెయిల్ ల్యాంప్ కప్లర్లు, వాటి ఎర్త్ బోల్టు

విప్పే ముందు ఫొటో. విప్పాక టార్చి వేసి పిన్నుల్లోకి చూడండి. తళతళలాడితే మంచిది. ఆకుపచ్చ, నీలం పొడి ఉంటే రాగి చిలుము. పిన్ను నల్లబడి ప్లాస్టిక్ కాస్త కరిగి ఉంటే అక్కడ వేడి పుట్టింది, ఆ పిన్ను మార్చాల్సిందే.

శుభ్రం చేసే తీరు: కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి, బ్రష్‌తో మెల్లగా రుద్దాలి, మళ్లీ కొట్టాలి, పూర్తిగా ఆరనివ్వాలి. బురద నీళ్లు పోయి ఉంటే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ తర్వాత క్లీనర్. గరుకు కాగితంతో పిన్నులు గీకొద్దు, పైపూత పోతే ఇంకా తొందరగా చిలుము పడుతుంది. చివర్న కప్లర్ రబ్బరు అంచుకు పలుచగా డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయండి. అది కరెంటు పారే గ్రీజు కాదు, చెమ్మ రానివ్వని గ్రీజు. కుక్కి నింపొద్దు.

డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయడం చాలా చోట్ల చూస్తున్నాం. తడిని తోసేయడానికి అది పనికొస్తుంది, కానీ మిగిలే నూనె పొర మీద మన దుమ్ము అంటుకుంటుంది. కొడితే తర్వాత కాంటాక్ట్ క్లీనర్‌తో తీసేయాలి. పెట్రోలుతో కడిగే అలవాటైతే మానేయడమే మంచిది.

పిన్ను బాగానే ఉన్నా వైరు లోపల పాడై ఉండొచ్చు. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు రాగి పోగులు తొడుగు లోపలికి నీళ్లు పీలుస్తాయి. కప్లర్ వెనక వైరును వేళ్లతో వంచి చూడండి. పక్క వైర్ల కన్నా బిరుసుగా ఉన్నా, లోపల గరగరలాడినా తొడుగు కొద్దిగా కోసి చూడాలి. రాగి నల్లగా ఉంటే తళుక్కున మెరిసే రాగి కనపడేదాకా వెనక్కి కత్తిరించి, అదే మందం వైరు సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. ఒట్టి ఇన్సులేషన్ టేపు మన ఏప్రిల్, మే ఎండలకు జారిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లను మాత్రం ఇలా అతకొద్దు, అది సర్వీస్ సెంటర్ పని.

7. బ్యాటరీ కలిపి కొలతలు

లోపలంతా ఆరింది, కప్లర్లు బిగించారు. ఇప్పుడు బ్యాటరీ కలపండి. బయట బిగించిన కెమెరా, డ్యాష్‌క్యామ్, రంగు లైట్లు, జీపీఎస్ పెట్టె ఇవన్నీ ముందు తీసి పక్కన పెట్టండి. సగం కేసుల్లో నేను ముందు అనుమానించేది వీటి అతుకులనే.

బ్యాటరీ. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు 12.6 ఓల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 ఫరవాలేదు. 12.0 దగ్గరుంటే ముందు చార్జి పెట్టండి, అలా పెట్టకుండా ముందుకు వెళ్లొద్దు. ఓల్టేజీ తక్కువైతే కంట్రోల్ బాక్సులు ఒకదానికొకటి జవాబివ్వక, లేని లోపాలకు కూడా కోడ్లు పెడతాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి.

ఫ్యూజులు. కంటితో చూసి బాగుందనుకోవద్దు. బ్లేడ్ ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. టెస్ట్ ల్యాంప్ క్లిప్పు ఎర్త్‌కు పెట్టి, తాళం ఆన్ చేసి, రెండింటినీ ముట్టించండి.

- రెండువైపులా వెలిగితే ఫ్యూజు మంచిదే.
- ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయింది.
- ఎటూ వెలగకపోతే ఆ ఫ్యూజుకు కరెంటే రావట్లేదు. దానికి కరెంటు పంపే రిలేనో (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెద్ద ఫ్యూజో చూడాలి.

పోయిన దాని స్థానంలో అదే ఆంపియర్‌ది పెట్టండి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కొత్తది కూడా వెంటనే పోతే ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. 10 పోతోందని 30 పెడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్.

8. ఎర్త్: ఎక్కువ మంది వదిలేసేది

లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉండడం, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా కొట్టుకోవడం, వైపర్ ఆన్ చేస్తే మీటర్ ముళ్లు కదలడం. ఒకదానికొకటి సంబంధం లేని రెండు పనులు కలిసి జరుగుతున్నాయంటే నేను ముందు ఎర్త్ బోల్టే విప్పుతాను. కార్పెట్ కింద, పక్క ప్యానెల్ వెనక, డిక్కీ మూలల్లో బాడీకి బిగించిన ఈ బోల్టు దగ్గర తడి చేరితే రింగు కింద తుప్పు పడుతుంది. పైకి బిగువుగానే కనిపిస్తుంది.

ఓమ్‌లలో కొలిస్తే ఇది దొరకదు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది, బల్బు మాత్రం వెలగదు. లోడు మీద ఓల్టేజీ కొలవాలి:

1. మీటరును డీసీ ఓల్టుల్లో పెట్టండి.
2. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబు ఆ పరికరం కప్లర్‌లో ఎర్త్ పిన్ను వెనక నుంచి.
3. పరికరాన్ని ఆన్ చేయండి. ఆఫ్‌లో కొలిస్తే ఏమీ తెలియదు.
4. 0.1 ఓల్టు లోపు వస్తే మంచిది. 0.2 దాటితే ఆ ఎర్త్ దారిలో లోపం ఉంది.

బోల్టు విప్పి, రింగు రెండువైపులా, కింద బాడీ లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయండి. గరుకు కాగితానికి అనుమతి ఇక్కడే.

పాజిటివ్ దారికి కూడా ఇదే పరీక్ష: ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లది పరికరం పాజిటివ్ పిన్ను మీద. అర ఓల్టు దాటితే మధ్యలో ఏదో కప్లరో రిలేనో అడ్డుపడుతోంది.

9. స్కానర్ చెప్పేదాన్ని ఎలా వినాలి

పాత కోడ్ల ఫొటో దాచుకుని, అన్నీ చెరిపేసి, బండిని ఉన్నచోటే కాసేపు ఆన్‌లో ఉంచి, మళ్లీ చూడండి. తిరిగి వచ్చినవే అసలువి.

పి అంటే ఇంజిన్, గేర్లు. బి అంటే బాడీ. సి అంటే బ్రేకులు, స్టీరింగ్ వైపు. యు అంటే బాక్సుల మధ్య మాట తెగింది. నీళ్లు పోయిన బండిలో యు కోడ్లు గుంపుగా వస్తాయి. ఒకే బాక్సు పేరు అన్నిట్లో వస్తుంటే ఆ బాక్సుకు వెళ్లే ఫ్యూజు, ఎర్త్, కప్లర్ మూడూ చూడండి. బాక్సు చచ్చిపోయిందని యు కోడ్ చెప్పదు, అది జవాబివ్వట్లేదని మాత్రమే చెప్తుంది.

చాలా బాక్సులు ఒకేసారి మాట్లాడకపోతే క్యాన్ లైన్ (బాక్సులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట వైర్లు) కొలవాలి. బ్యాటరీ తీసి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. వెడల్పు వైపు పైకి ఉంటే పై వరుస ఎడమ నుంచి 1 నుంచి 8, కింద 9 నుంచి 16. కాబట్టి 6కు సరిగ్గా కింద 14.

- 60 దగ్గర వస్తే రెండు చివర్లూ సరిగా ఉన్నాయి.
- 120 వస్తే లైన్ ఎక్కడో తెగింది, లేదా ఒక చివరి బాక్సు కప్లర్ ఊడింది.
- సున్నా దగ్గరైతే రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. తడి ఉన్న కప్లర్లను ఒక్కొక్కటే ఊడదీస్తూ మీటరు చూడండి. ఏది ఊడితే అంకె లేస్తుందో అక్కడే లోపం.

సాకెట్‌కు, క్యాన్ లైన్‌కు మధ్యలో గేట్‌వే బాక్సు ఉన్న కొత్త కార్లలో ఈ సాకెట్ దగ్గర అంకెలు వేరుగా రావచ్చు. ఆ మోడల్ వైరింగ్ పటం లేకుండా అక్కడ తీర్పు చెప్పొద్దు. ఈ జంట వైర్లను అతికితే మెలిక అలాగే ఉంచాలి.

10. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే

తడి బాక్సు నిద్రపోదు. అర ఆంపియర్ లాగుతున్నా రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లో సెల్ఫ్ ఎత్తదు.

1. డోర్లు, బానెట్ లాచీలను స్క్రూ డ్రైవర్‌తో మూసిన స్థితిలోకి తొయ్యండి, కారు మూసి ఉందనుకోవాలి. తాళం చెవి దూరంగా పెట్టండి.
2. నెగటివ్ కేబుల్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి బ్యాటరీకి, కేబుల్‌కు మధ్య కలపండి. ఇలా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసినా, సెల్ఫ్ కొట్టినా మీటరు ఫ్యూజు పోవచ్చు.
3. 40 నిమిషాలు ఆగండి. మొదట్లో ఎక్కువ చూపిస్తుంది, తొందరపడొద్దు.
4. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. ఎక్కువైతే ఒక్కో ఫ్యూజు నెత్తిన రెండు చుక్కల మధ్య మిల్లీ ఓల్టులు కొలవండి. సున్నా కాని చోట కరెంటు పారుతోంది. ఫ్యూజులు పీకుతూ వెతికితే పెట్టగానే బాక్సులు లేచి లెక్క తప్పుతుంది.

11. లక్షణాన్ని బట్టి ముందు ఎక్కడ చూడాలి

- బ్లోయర్ ఒక్క స్పీడులోనే తిరుగుతుంది: రెసిస్టర్, దాని కప్లర్. పై నుంచి ఏసీ నీళ్లు.
- ఎయిర్‌బ్యాగ్ లైటు: సీటు కింద పసుపు కప్లర్. మీటరు పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు.
- సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: ఫ్యూయల్ పంపు కప్లర్, రిలే.
- ఒక్క డోరు అద్దం, లాక్ రెండూ పనిచేయవు: ఆ డోరు రబ్బరు గొట్టంలో తెగిన వైరు. డోరు తెరుస్తూ మూస్తూ చూడండి.
- సెంట్రల్ లాక్, లోపలి లైటు, హారన్ వాటంతటవే: కాళ్ల దగ్గర ఫ్యూజ్ బాక్సు, బాడీ కంట్రోల్ బాక్సు కప్లర్లు.
- వెనక లైట్లు కలగాపులగం: డిక్కీ ఎర్త్.

లోపం వచ్చి పోతుంటే వైరింగ్ కట్టను జానెడు జానెడు కదుపుతూ మీటరు మీద కన్నేసి ఉంచండి. వేగం వద్దు.

12. బాక్సు మార్చక తప్పదని ఎప్పుడు అనాలి

ఈ నాలుగూ నిజమైతేనే:

☐ బాక్సు కప్లర్ దగ్గర, లోడు మీద, పాజిటివ్ సరిగా వస్తోంది
☐ ఎర్త్ దగ్గర 0.1 ఓల్టు లోపే ఉంది
☐ క్యాన్ లైన్ అంకె సరిగ్గా ఉంది
☐ అయినా బాక్సు జవాబివ్వదు, లేదా తెరిచి చూస్తే బోర్డు మీద చిలుము, కాలిన గుర్తు ఉంది

బోర్డు మీద చిలుము పలుచగా ఉంటే ఆల్కహాల్‌తో శుభ్రం చేసి బతికించే మెకానిక్‌లు ఉన్నారు, ముందు అది అడగండి. కొత్తది వేయాల్సి వస్తే మీ బండికి ప్రోగ్రామింగ్, తాళం చెవుల రిజిస్ట్రేషన్ ధరలో కలిసి ఉన్నాయా అని ముందే తేల్చుకోండి. సెకండ్ హ్యాండ్ బాక్సు పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా కలవాలి, కలిసినా చాలా మోడళ్లలో ఇమ్మొబిలైజర్ (తాళం చెవిని గుర్తుపట్టకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఒప్పుకోదు.

షెడ్డుకు ఇచ్చేటప్పుడు "లైట్లు పనిచేయట్లేదు" అని వదిలేయకండి. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఏ కప్లర్లు కడిగారు, కొలతలెంత, మొదటి కోడ్లేమిటి, ఒక కాగితం మీద రాసి, ఫొటోలతో ఇవ్వండి. విప్పిన పాత బాక్సు తిరిగి ఇవ్వమనండి.

కార్పెట్ మాత్రం వెంటనే పూర్తిగా బిగించొద్దు. ఒక పెద్ద వాన దాకా గడప ప్లాస్టిక్‌లు వదులుగా ఉంచి, వాన ఆగగానే చెయ్యి పెట్టి స్పాంజి అడుగు చూడండి. పొడిగా ఉంటే అప్పుడు సీట్లు బిగించి, సీటు బోల్టులు మాన్యువల్లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో తిప్పించండి.